అలసటకు సాక్ష్యం

“మా ఆవిడకేం లేదు మేడమ్. కాస్త బద్ధకం, అంతే,” అన్నాడు పేషెంటు భర్త. పరిశోధకురాలు అడిగింది అతన్ని కాదు. పక్క కుర్చీలో తల వాల్చుకుని కూర్చున్న ఆవిడని.

కేన్సర్‌కి కొత్తరకం ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్లకి ఏ ఇబ్బందులొస్తున్నాయో కనిపెట్టడం పరిశోధకురాలి పని. ఆ మందు ఒంట్లోని రోగనిరోధక శక్తిని కణితి మీదికి ఉసిగొల్పుతుంది. ఒక్కోసారి అది అదుపు తప్పి, హార్మోన్లు తయారుచేసే మంచి గ్రంథుల మీదా విరుచుకుపడుతుంది. అంతా తెలిసిన పెద్ద డాక్టరే కిందటిసారి ఈవిడ నీరసంగా ఉందంటే, “ఆడవాళ్లందరూ నీరసమనే అంటారమ్మా. అన్నీ పట్టించుకుంటే మన పని తెమలదు,” అని నవ్వేశాడు. మొహమాటానికి తనూ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

“మీరు కాసేపు బయట కూర్చోండి,” అంది అతనితో.

తలుపు మూసుకున్నాక ఆవిడ గొంతు పెగిలింది. “నిలబడితే కళ్లు తిరుగుతున్నాయమ్మా. స్టవ్ పక్కన కుర్చీ వేసుకుని వండుతున్నా. చెబితే నటిస్తున్నావంటారు.”

రక్తపరీక్ష చేయిస్తే, ఒంటికి సత్తువనిచ్చే హార్మోను అడుగంటిపోయిందని తేలింది. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే ప్రాణం మీదికొచ్చేదే. పెద్ద డాక్టరు, “నాకు ముందే అనుమానంగా ఉంది,” అంటూ గబగబా మాత్రలు రాశాడు. భర్త ఒక్కటే అడిగాడు.

“ఇవి వేసుకుంటే మళ్లీ ఇంటిపని చేసుకోగలదా?”

“మాత్రలు ఆవిడ బతకడానికి. ఇంటిపనికి మీరున్నారుగా!” ఆమె గొంతు వరండా దాకా వినిపించింది.

ఇంటికెళ్లే బస్సులోనూ కోపం చల్లారలేదు. ఆడదాని అలసటను నమ్మాలంటే దాని నెత్తురొచ్చి సాక్ష్యం చెప్పాలా? చెప్పకపోతే? “చల్లటి గదిలో కూర్చుని నలుగురితో మాట్లాడ్డానికే ఇంత అలసటా?” అని తన మొగుడు. “ఇంటెడు చాకిరీ చేసినా మేమెప్పుడూ నడుం వాల్చలేదు,” అని అత్తగారు. అలా అన్నప్పుడల్లా తనేం చేసింది? తనలోనే ఏదో లోపముందేమోనని గుట్టుగా పరీక్షలు చేయించుకుంది. అన్నీ బాగానే ఉన్నాయి. జబ్బు దొరకనందుకు దొంగలా సిగ్గుపడి, వంటింట్లోకి నడిచింది.

ఇల్లు చేరగానే బ్యాగు పక్కన పడేసి సోఫాలో కాళ్లు చాపుకుంది.

మొగుడు గదిలోంచి తొంగిచూశాడు. “ఇంకా వంట మొదలెట్టలేదేం? ఒంట్లో బాలేదా?”

“ఏ జబ్బూ లేదు,” అంది కళ్లు మూసుకునే. “అలసిపోయాను. వంట మీరు చెయ్యండి.”