వదులవని చొక్కాలు

లెక్కల టీచరమ్మకు తన లెక్కే తేలడం లేదు. మోకాళ్ల డాక్టరమ్మ చెప్పినవన్నీ చేస్తూనే ఉంది. కంచంలో సగం కూరలే. పుట్టినరోజు కేకు ముక్క వద్దనలేదు, అందుకని మర్నాడు కడుపు మాడ్చుకోనూ లేదు. నడక విసుగొస్తే ఈత, ఈత కుదరకపోతే బడి మెట్లు. "రోజూ తూకం చూసుకుని బుర్ర పాడుచేసుకోకండి, బట్టలే చెబుతాయి," అంది డాక్టరమ్మ. బరువు తగ్గకపోతే మాత్రం మోకాలికి ఆపరేషన్ తప్పదంది.

ఆ బట్టలేమో నోరు విప్పడం లేదు. నెలలు గడిచినా ఏ చుడీదారు చొక్కా వేసుకున్నా నడుము దగ్గర ఎప్పటిలాగే పట్టేస్తోంది. "అన్నీ తింటూ తగ్గడమేంటండీ, విడ్డూరం కాకపోతే!" అని సైన్సు టీచరు నవ్వేసరికి ఆమెకు భయం పట్టుకుంది. రాత్రి భోజనం మానేసింది. తర్వాత పొద్దుటిదీ మానేసింది. ఒకరోజు బోర్డు మీద కూడిక రాస్తూ రాస్తూ కళ్లు తిరిగి కూలబడింది.

డాక్టరమ్మ తూకం మీద నిలబెట్టింది. "బాగా తగ్గారే! ఇది నాలుగు రోజుల పస్తుతో తగ్గే బరువు కాదు. ఇక ఈ పస్తులెందుకు?"

"మీ మిషన్ పాడైనట్టుందండీ. నా చొక్కా చూడండి, ఎలా పట్టేసిందో!"

ఇంటికొచ్చి ఆ చొక్కా విప్పి తిరగేసింది. పక్క కుట్టు లోపల మరో కుట్టు, దాని లోపల ఇంకోటి. ఆ చేతి పనితనం ఆమెకు కొత్తది కాదు. భర్త దర్జీ. ఇస్త్రీకంటూ వారం వారం బట్టలు దుకాణానికి పట్టుకెళ్లేది ఆయనే. పెళ్లాం వదులు చొక్కాతో తిరిగితే దుకాణం పరువు పోతుందనుకున్నాడేమో మహానుభావుడు!

"ఏమండీ, ఇదేం పని?"

రాత్రి ఇంట్లో ఏదో కుడుతున్న ఆయన కుట్టుమిషన్ ఆపాడు. "ఆఖరి ఏడాది అమ్మ బట్టలన్నీ ఇలాగే వదులైపోయాయి. నేనే బిగించేవాణ్ణి, మళ్లీ బిగించేవాణ్ణి. నీ చొక్కా నడుము దగ్గర రవ్వంత వదులైనా చూడలేకపోయాను."

తిట్టాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. అత్తగారు పోయిన రోజున కూడా ఈయన కంట నీటి చుక్క చూడలేదు.

"నాకేం జబ్బు లేదండీ. తగ్గాలనే తగ్గాను."

"తెలుసు. తెలిసినా చేతులు ఆగలేదు."

ఆమె కత్తెర తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక్కో కుట్టూ విప్పాడు. విప్పిన చొక్కా తొడుక్కుని ఆమె ఎదురుగా నిలబడింది. ఒంటి మీద అది వేలాడుతోంది.

"చూడండి," అంది.

ఆయన తలెత్తి చూసేదాకా అక్కడే నిలబడింది.