జిగురు కడిగిన పెద్దకోడలు

పెద్దకోడలు గాజు ప్లేటు కడిగిందంటే, దాని మీద వాలిన ఈగ కాలు జారి నడుం విరగ్గొట్టుకోవాల్సిందే. ఆ ల్యాబులో కణాలు పెంచే గది తాళంచెవి పన్నెండేళ్ళుగా ఆమె నడుముకే వేలాడుతోంది. దాని చప్పుడు వింటే కణాలు కూడా సర్దుకుని కూర్చునేవట. చెప్పింది ఆమే!

అన్నాళ్ళూ పెంచినవి నీళ్ళలో తేలే రక్తకణాలు. ఈ ఏడాది చర్మకణాలొచ్చాయి. అవి ప్లేటుకు అతుక్కుంటేనే బతుకుతాయి. పెద్దకోడలివి తేలిపోయి చచ్చాయి. మూడు నెలల కిందట పనిలో చేరిన తోటికోడలు చిన్నదానివి మాత్రం గోడ మీద బల్లుల్లా అతుక్కున్నాయి.

"రేపు పొద్దున ఎవరి కణాలు నిలబడితే వాళ్ళకే తాళంచెవి," అంది ల్యాబు మేడమ్.

పెద్దకోడలి కడుపులో పొయ్యి రాజుకుంది. దాని మీద ఊరందరికీ వేణ్ణీళ్ళు కాచొచ్చు.

'నిన్నగాక మొన్నొచ్చిందానికి ఇంత వైభోగమా? కిటుకంతా ఆ ప్లేట్లలోనే ఉంది.'

సాయంత్రం చిన్నది పక్కకెళ్ళగానే, అది ఆరబెట్టుకున్న ప్లేటు తీసి తన ప్లేటు అక్కడ పెట్టేసింది. తీరా వెలుతురులో చూస్తే అడుగున సన్నటి జిగురు పొర.

"ఛీ, ప్లేటు కడగడం కూడా రాదు దీనికి!"

చెయ్యి ఊరుకుంటుందా? మూడుసార్లు తోమి, ఆవిరి పట్టి, అందులో తన కణాలు పోసుకుంది.

తెల్లారి చూస్తే ఆమె కణాలు మళ్ళీ తేలాయి. చిన్నదానివి కాళ్ళు బారజాపుకుని పడుకున్నాయి.

మేడమ్ మైక్రోస్కోపు దగ్గర నించుని చెప్పింది. "కణం పైపొరలోంచి ఒక ప్రోటీన్ బయటికి చెయ్యి చాస్తుంది. రెండు గొలుసులు కలిస్తే ఒక చెయ్యి. దాని కాలు లోపలి తాళ్ళకు కట్టి ఉంటుంది. పట్టు దొరికితే ఆ చెయ్యి నిటారుగా నిలబడి, 'చోటు దొరికింది, బతుకు' అని లోపలికి కబురు పంపుతుంది. ఉత్త గాజు మీద ఆ పట్టు దొరకదు. అందుకే జిగురు పూయాలి."

"జిగురా? మురికనుకుని కడిగేశానే!" నోరు జారింది పెద్దకోడలు.

"నీ ప్లేటుకి జిగురెక్కడిదక్కా? నువ్వు పూయవుగా," అంది చిన్నది. అంతలోనే పకపకా నవ్వింది. "ఓహో! నిన్న నా ప్లేటు అద్దంలా మెరిసిపోతుంటే, మర్చిపోయాననుకుని మళ్ళీ పూశాను!"

పెద్దకోడలి తల నేలకు అతుక్కుంది.

"తాళంచెవి అక్క దగ్గరే ఉండనీండి మేడమ్. అక్క కడిగిన ప్లేటుకి పూత పట్టినంత బాగా ఎప్పుడూ పట్టలేదు," అంది చిన్నది.

"ఎంత మంచి పిల్లో!" అంది మేడమ్.

ఆ మాటతో ఆరిపోతున్న పొయ్యి మళ్ళీ భగ్గుమంది. వరండాలోకి రాగానే పెద్దకోడలు తాళంచెవి ఊడదీసి చిన్నదాని చేతిలో కొట్టింది.

"ఏమే, మంచితనంలో కూడా నన్ను దాటిపోవాలా నువ్వు? పట్టు! ఇవ్వడంలోనైనా ఇవాళ నేనే గెలిచాను."