వాగు అడుగు ఎక్కడికి పోతుంది?

కొండమీది జలాశయం గేట్లెత్తి మా వీధిని ముంచింది నా మేనకోడలేనని ఊరంతా నమ్మింది. అక్కడ గేట్ల కాపలా ఉద్యోగం ఆమెది. ఆ మధ్యాహ్నం ఫోన్లో కబుర్లాడుతూ, సైరన్ కూడా మోగించకుండా గేట్లెత్తేసిందట. చూసినవాడు ఒక్కడూ లేడు. చెప్పనివాడూ ఒక్కడూ లేడు.

"చిటికెడు వానకి ఇంత వరదేంటి మాస్టారూ?" అని సెలూన్ యజమాని నన్ను నిలదీశాడు. "నిరుడు మూడ్రోజులు కుండపోతగా కురిసినా వాగు గట్టు దాటలేదు. ఈసారి గంట వానకే నా కుర్చీలు ఈత కొట్టాయి. గేట్లెత్తకపోతే ఆ నీళ్లు మీ అత్తారింటి నుంచి వచ్చాయా?"

ప్రశ్నలో తప్పు లేదు. జవాబు వెతకడం మాని మనిషిని వెతకడమే తప్పు.

గురువారం విచారణ. ఉద్యోగం పోవడం ఖాయమని అందరూ అప్పుడే తేల్చేశారు. మేనకోడలు నోటీసు తెచ్చి నా బల్లమీద పడేసింది.

"గేట్లు ముట్టుకోలేదు మామయ్యా, ఒట్టు."

"ఒట్లు నాకెందుకే? కొలత చెప్పు."

"ఆ రోజంతా నీళ్లు గేట్ల కింది అంచుకి రెండడుగులు దిగువనే ఉన్నాయి. ఎత్తినా చుక్క రాదు. పుస్తకంలో రాశా. అది తర్వాత దిద్దానంటున్నారు."

ఇద్దరం ఇంజనీరు ఆఫీసుకు వెళ్లాం. ఏటా వానలకు ముందు వంతెన మీది నుంచి గడకర్ర దించి వాగు అడుగు ఎంత లోతున ఉందో కొలవాలన్నది నియమం. ఆ ఫైలు అడిగాను. నాలుగేళ్లుగా ఒకటే అంకె: పదకొండడుగుల మూడంగుళాలు. ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దినవాణ్ణి. కాపీ వాసన నాకు దూరం నుంచే తెలుస్తుంది.

"కర్ర దించారా బాబూ?"

"వాగు అడుగు ఎక్కడికి పోతుంది సార్!" అని ఇంజనీరు నవ్వాడు.

"పోదు నాయనా, వస్తుంది."

మూడేళ్ల క్రితం, జలాశయానికి దిగువన, కొండచరియ విరిగి వాగులో పడింది. ఆ రాళ్లూ గులకా ఒక్కరోజులో ఊరు చేరవు. చిన్న వానలకు కదలనైనా కదలవు. నిరుటి మూడ్రోజుల వరద వాటిని దొర్లించుకొచ్చి, జోరు తగ్గాక, వాలు తగ్గిన చోట, అంటే మా వంతెన కింద దించేసి పోయింది. ఈ ఏడు కర్ర దించి ఉంటే ఆ మేట కనిపించేది, తవ్వించి ఉంటే వీధి మునిగేది కాదు. కర్రను గోడకు ఆనించి పాత అంకె ఎక్కించిన చేతే నోటీసు మీద సంతకం పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అరవకు మామయ్యా," అంటూ మేనకోడలు కర్ర అందుకుంది. "రండి సార్, ఇప్పుడే కొలుద్దాం."

"ఎండ మండిపోతోందమ్మా…"

"ఆ రోజు తడవడానికి మా వీధివాళ్లు ముహూర్తం చూసుకున్నారా సార్?"

వంతెన మీద జనం మూగారు. "ఏం దేవుతున్నారు మాస్టారూ?" అన్నాడు సెలూన్ యజమాని. కర్ర గులకరాళ్లకు తగిలి ఆగిపోయింది. ఇంజనీరు చేతే అంకె చదివించింది నా మేనకోడలు.

"ఆరడుగుల… నాలుగంగుళాలు."

వాగు అడుగు దాదాపు అయిదడుగులు పైకి లేచి ఉంది. అది గట్టు దాటడానికి గంట వాన చాలు, గేట్లెత్తనక్కర్లేదు.