అడగకుండా ఆపిన మోటారు

నీళ్ల శుద్ధి కేంద్రంలో అడగకుండా మోటారు ఆపితే, వాల్వు గుంతలో చనిపోయిన ఫిట్టరు కింది నుంచి ఇనుము మీద తడతాడని ఊరంతా నమ్ముతుంది. ఈ నమ్మకానికి సాక్ష్యం లేదనడానికి వీల్లేదు. పంపుహౌసు ఆపరేటర్లందరూ ఆ చప్పుడు చెవులారా విన్నవాళ్లే. అందువల్ల వాళ్లలో ఒక ఆచారం స్థిరపడింది. మోటారు ఆపే ముందు, ఎత్తు ట్యాంకుకు నీరు వెళ్లే గొట్టం మీది పెద్ద చక్రాన్ని పట్టుకుని, "అన్నా, ఆపుతున్నాం" అని చెబుతూ మెల్లగా చివరిదాకా తిప్పి మూస్తారు. ఆ తరువాతే స్విచ్చి జోలికి పోతారు. అలా అడిగినప్పుడు చప్పుడు రాదు. కరెంటు పోయి మోటారు దానంతటదే ఆగినప్పుడు మాత్రం అడిగే వ్యవధి ఉండదు. అప్పుడు నేల కింద ధన్‌మని ఒక దెబ్బ, దాని వెనుక మరొకటి, ఒకదానికంటే ఒకటి నీరసంగా వినిపిస్తాయి.

ఆ ఆపరేటర్లలో ఒకామె ఫిట్టరు భార్యే. అతను పోయాక మునిసిపాలిటీ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. పటిక కలపడం, ఇసుక ఫిల్టర్లలోకి కింది నుంచి నీళ్లు పంపి కడగడం, క్లోరిన్ సిలిండరు దగ్గర ముక్కును ముందుంచి మనిషి వెనకుండడం, అన్నీ త్వరగానే నేర్చుకుంది. చక్రం పట్టుకున్నప్పుడు మాత్రం అరచేతులు చెమర్చేవి. మిగతావాళ్లు భయపడేది దయ్యానికి. ఆమె భయం వేరు. కారుతున్న వాల్వును బిగించడానికి కాబోలు అతను ఒంటరిగా గుంతలోకి దిగాడనీ, అక్కడి చెడుగాలికి పడిపోయాడనీ అందరూ చెప్పారు. దిగగానే స్పృహ పోయి ఉంటుందని డాక్టరు అన్నాడు. ఆ "ఉంటుంది" అన్న మాట ఆమె లోపల ముల్లులా మిగిలిపోయింది. అప్పుడు పైన మోటారు తిరుగుతోంది. కింద ఆయన గొట్టాన్ని కొట్టి పిలిచి ఉంటే? ఆ రొదలో ఎవరికీ వినపడకపోయి ఉంటే? ఇప్పుడు వస్తున్నది ఆనాడు ఎవరూ పలకని పిలుపే అయితే?

కేంద్రం గోడను ఆనుకునే వాళ్ల ఇల్లు. ఈ మాట ఎత్తితే అత్తగారు కొట్టిపారేసేది. "వాడు బతికుండగా తలుపు కొట్టిన పాపాన పోలేదు, తోసుకునే వచ్చేవాడు. చచ్చాక మర్యాద నేర్చుకున్నాడా?" అనేది. అయినా కరెంటు పోతే చాలు, ఆవిడ కూడా చేతిలో పని ఆపి గోడ వైపు చెవి ఒగ్గేది.

ఒక మధ్యాహ్నం మోటారు నిండు వేగంతో తిరుగుతుండగా కరెంటు పోయింది. దెబ్బ ఎన్నడూ లేనంత గట్టిగా పడింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి, గొట్టం మీది తుప్పు రేకులుగా రాలింది, ఆమె పాదాల కింద నేల వణికింది. దెబ్బలు తగ్గి, ఆగిపోయాయి. ఆ ఆగిపోవడమే ఆమె భరించలేకపోయింది. ఫిట్టరు పోయిన నాటి నుంచి గుంత మూతకు తాళం ఉంది. మరమ్మతుకైనా ఎవరూ దిగలేదు. ఆమె తాళం చెవి తీసుకుంది.

నీటిలో మందు చుక్కలు వేసి క్లోరిన్ చూసే కెమిస్టును అక్కడ అందరూ చుక్కల మాస్టారు అంటారు. ఆయన దయ్యాలను నమ్మడు. అయితే చక్రం తిప్పవలసి వచ్చినప్పుడు ఆయన పెదవులూ కదిలేవి. ఆయన వచ్చేసరికి గుంత మూత తీసి ఉంది, ఆమె కాలు నిచ్చెన మొదటి మెట్టు మీద ఉంది.

"కాలు పైకి తియ్యమ్మా. అతన్ని తీసుకుపోయిన గాలి ఇంకా అక్కడే ఉంది."

"ఆయన పిలుస్తున్నాడు బాబాయ్. అప్పుడు ఎవరం పలకలేదు."

మాస్టారు ఒక డబ్బాలో కొవ్వొత్తి వెలిగించి తాడుతో కిందికి వదిలాడు. సగం లోతుకైనా చేరకముందే, గాలి కదలకుండానే, దీపం ఆరిపోయింది. ఎందుకు ఆరిందో ఆయనకు తెలుసు. తెలిసినా వెన్ను జలదరించింది. ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

కరెంటు వచ్చాక ఆయన ఒక పరీక్ష చేద్దామన్నాడు. మొదట ఏమీ అడగకుండా, నోరు మూసుకుని చక్రం తిప్పి మోటారు ఆపమన్నాడు. ఆమె అలాగే చేసింది. చప్పుడు రాలేదు. మళ్లీ మోటారు వేసి, ఈసారి నోరారా అడిగి, చక్రం ముట్టుకోకుండా స్విచ్చి నొక్కమన్నాడు. "ఏమండీ, ఆపుతున్నాను" అని ఆమె నొక్కింది. నేల కింద ధన్‌మంది.

మాస్టారి ముఖం వెలిగింది. ఆమె ముఖం పాలిపోయింది. "అయితే నా మాట కూడా వినడం లేదన్నమాట," అంది.

ఇక దిగక తప్పదని ఆయనకు అర్థమైంది. క్లోరిన్ గదిలోని బ్లోయరుకు గుడ్డ గొట్టం తగిలించి గుంత అడుగుకు మంచి గాలి పంపించాడు. చాలాసేపటికి కొవ్వొత్తి అడుగున కూడా నిలకడగా వెలిగింది. కొత్త ఫిట్టరును దింపుదామంటే ఆమె ఒప్పుకోలేదు. మోటారు మళ్లీ వేసి, బ్లోయరు ఆపకుండా, ఆమె నడుముకు తాడు కట్టి, దాని కొస రెండో ఆపరేటరుకు ఇచ్చారు. "తాడు నా చేతిలోనే ఉంది, ప్రాణమే నా గొంతులో ఉంది," అన్నాడతను.

కింద గొట్టం చల్లగా చెమర్చి ఉంది. దాని మీద ఏనుగు కడుపులాంటి వాల్వు, పక్కన పైకి లేచి నిలిచిన ఇనుప చెయ్యి. వెళ్లిన నీరు వెనక్కి రాకుండా లోపల ఒక తలుపు ఉంటుందనీ, ఆ తలుపుతో పాటే ఈ చెయ్యీ లేచి పడుతుందనీ, ముందే చక్రం మూస్తే వెనక్కి వచ్చే నీరు ఉండదు గనుక అది మెల్లగా మూసుకుంటుందనీ మాస్టారు పైనుంచి చెప్పాడు. ఆమె దాని మీద అరచెయ్యి ఆనించి, అడగకుండా, చక్రం ముట్టకుండా ఆపమని కేక వేసింది. మోటారు ఆగింది. వెంటనే పడవలసిన చెయ్యి పడలేదు. ఒక్క ఊపిరి సేపు అక్కడే చిక్కుకుంది. గొట్టంలో నీరు వెనక్కి తిరిగిన హోరు వినిపించింది. అంతలో తలుపు విరుచుకుపడింది. దెబ్బ ఆమె భుజందాకా పాకింది, ఆ అదురు గొట్టం వెంట పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోయింది.

ఇప్పుడు తడుతున్నదేమిటో ఆమె చూసింది. కానీ ఆనాడు ఆయన తట్టాడా లేదా అన్నది ఇనుము చెప్పదు. పైకి రమ్మని తాడు కదులుతున్నా ఆమె టార్చి తిప్పుతూ ఉండిపోయింది. గొట్టానికీ గోడకూ నడుమ, మనిషిని హడావుడిగా పైకి తీసినవాళ్ల కంటపడని సందులో, ఒక గుడ్డ మూట ఇరుక్కుని ఉంది. గ్రీజు తుడుచుకోవడానికి తను చించి ఇచ్చిన పాత చీర ముక్క అది. బిగుసుకుపోయిన ముడిని పళ్లతో లాగి విప్పింది. లోపల ఒక పానా, ఒక కొత్త పిన్ను.

వాల్వు తలుపు చిక్కుకోకుండా కీలు మీద తిరగడానికి తప్ప ఆ పిన్ను మరి దేనికీ పనికిరాదు. వాల్వు బోల్టుల మీద పాత రంగు ఎక్కడా చెదరలేదు. ఆ చప్పుడు ఫిట్టరు పోయాక మొదలైంది కాదు; అప్పట్లో ఇంత గట్టిగా లేక ఎవరూ పట్టించుకోలేదంతే. దాన్ని మాన్పడానికే అతను దిగాడు, పానా మూట విప్పకముందే పడిపోయాడు, దేన్నీ తట్టలేదు.