అసిరయ్య పోసిన నీళ్ళు

నేను ఒక ట్రాక్టరు ట్యూబును. వెనక కుడి చక్రంలో ఉండేదాన్ని. టైరును అందరూ చూస్తారు. లోపల ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న నన్ను పంక్చరయితే తప్ప ఎవరూ తలుచుకోరు. అప్పుడైనా తిట్టడానికే. ఆ తిట్లు నాకు చెల్లుతాయి. నా వల్ల ఒక మనిషి కాలు విరిగింది.

ఫ్యాక్టరీలో పుట్టిన సంగతి పెద్దగా గుర్తు లేదు. వేడి, గంధకం వాసన, అంతే. నాకు బుద్ధి తెలిసింది శ్రీకాకుళం జిల్లా బురదలో. డ్రైవరు అసిరయ్య వరి మళ్ళు దమ్ము చేసే రోజుల్లో నాలో ముప్పాతిక వంతు నీళ్ళు నింపి, పైన కాస్త గాలి కొట్టేవాడు. ఆ బరువుకి చక్రం జారకుండా పట్టు దొరకబుచ్చుకునేది. అసిరయ్య బండి కూరుకుపోదని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. ఆ పేరు అతని తలకెక్కింది. నాకూ ఎక్కింది, అబద్ధమెందుకు.

తర్వాత ఒక కాంట్రాక్టరు ట్రాక్టరునీ, అసిరయ్యనీ, వంటకని అతని భార్య తవిటమ్మనీ కలిపి హిమాచల్ కొండల్లో రోడ్డు పనికి తీసుకుపోయాడు. లారీ ఎక్కించే ముందు నాలో నీళ్ళు తీసేశారు. చలికాలం వచ్చాక మంచు తొయ్యడానికి ట్రాక్టరు ముందు పెద్ద ఇనప రేకు బిగించారు. ముందు బరువయింది, వెనక తేలికయింది. రేకు మంచుకి ఆనగానే వెనక చక్రాలం ఉన్నచోటే గిర్రున తిరిగేవాళ్ళం.

మంచు కింద రోడ్డు అంచు ఎక్కడుందో కర్రతో పొడిచి చూపిస్తూ ముందు నడిచేది అక్కడి మనిషి నోర్బు. పాతికేళ్ళుగా అదే పని. ఆయన మాట్లాడేది హిందీ. ట్యూబుకు ఏ భాషైనా ఒకటే.

"చక్రాలకు గొలుసులు చుట్టు. వెనక ఒక పెట్టె కట్టి రాళ్ళు నింపు," అన్నాడాయన.

అసిరయ్య తలూపి, వంటపాకలోకి వచ్చి పెళ్ళాం దగ్గర నవ్వాడు.

"రాళ్ళ పెట్టంట! నాకు పాటాలు సెప్తన్నాడే. మనూర్లో ఏటి సేసేవోల్లం? నీలు పోసేత్తే అయిపోద్ది."

మర్నాడు ఎండ వేళ ఎవరికీ చెప్పకుండా వాగు నీళ్ళు తెచ్చి వెనక చక్రాలు రెండిట్లోనూ నింపాడు. ఆ సాయంత్రం దాకా మేము మంచు తోసిన తీరు చూడాలి! నోర్బు కూడా శభాష్ అన్నాడు. వరి మడికీ కొండకీ పెద్ద తేడా ఏముందిలే అనుకున్నాను.

తెల్లారేసరికి తేడా తెలిసింది. నీళ్ళు గడ్డకట్టి నా అడుగున బండలా పేరుకున్నాయి. చక్రం తిరిగిన ప్రతిసారీ దబ్, దబ్ అని ట్రాక్టరు కుంటింది.

"ఏమిటా చప్పుడు?" నోర్బు వెనక్కి తిరిగి అడిగాడు.

"టైరుకి మంచు పట్టింది. నడిస్తే అదే రాలిపోతుంది," అన్నాడు అసిరయ్య వచ్చీరాని హిందీలో. అప్పటికే సంగతి అతనికి అర్థమైంది. ఆపితే పరువు పోతుందని ఆపలేదు.

వాలులో ఆ గడ్డ నా వాల్వును మొదలంటా చీల్చేసింది. గాలంతా పోయింది. ట్రాక్టరు కుడివైపుకి ఒరిగి జారింది. రేకు పక్కకు తిరిగి నోర్బును మోకాలి కింద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను.

మేనేజరు తెలుగాయన. వచ్చి అడిగితే అసిరయ్య, "అంచు తప్పు సూపించినాడు సార్," అన్నాడు. నోర్బు ఆస్పత్రిలో ఉండగానే ఆయన్ని పనిలోంచి తీసేశారు. నన్ను ఊడదీసి వంటపాకలో పొయ్యి పక్కన పడేశారు. వేడికి నాలోని గడ్డ కరిగి నేల మీద పారింది. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నేనే చేతులారా కార్చేశాను. చేతులు లేకపోయినా ఆ పాపం నాదే.

"ఏటి మావా ఈ నీలు?" అంది తవిటమ్మ. అసిరయ్య గోనెసంచి తెచ్చి గబగబా ఆ తడి మీద పరిచాడు. "అయితే నీ తప్పు ఆ ముసలాయన మీద ఎట్టేసినావా? ఎల్లి సెప్పు మావా. నాకు ముద్ద దిగదు."

మంచు కరిగే దాకా అతను చెప్పలేదు. చివరికి నన్ను కోసి, ఒక ఊతకర్ర అడుగున రెండు పొరలుగా చుట్టి, మేకులు కొట్టి, నోర్బు ఇంటికి తీసుకుపోయాడు. అక్కడ నోరు పెగిలింది.

"నీళ్ళు పోసింది నేనే."

"తెలుసు," అన్నాడు నోర్బు. "ఆ చప్పుడేమిటో మంచం మీద పడుకున్నాక తట్టింది. నేను చెబితే మీ మేనేజరు నమ్మలేదు. నువ్వు చెప్పు. నా పని నాకిప్పించు."

ఇద్దరూ ఆఫీసు మెట్లెక్కారు. నేను ఎక్కడా జారలేదు.

"ఏంటి, కలిసి వచ్చారు?" అన్నాడు మేనేజరు తెలుగులో.

అసిరయ్య నేల చూశాడు. "ఏటీ నేదు సార్. ఈ కర్రకి రబ్బరు ఏసినాను, జారకుండా. సూపిద్దామని."

"నిన్ను అంత ప్రమాదంలో పడేసినవాడికి సాయం చేశావా? మంచి మనసయ్యా నీది!" అని మేనేజరు అతని భుజం తట్టాడు.

నోర్బుకు తెలుగు రాదు. భుజం తట్టడం మాత్రం చూశాడు. ముఖం విప్పారింది. మెట్లు దిగుతూ అసిరయ్య చెయ్యి పట్టుకుని అడిగాడు: "నన్ను ఎప్పుడు రమ్మన్నారు?"

"వచ్చే చలికాలం," అన్నాడు అసిరయ్య.

రోజూ పొద్దున్నే నోర్బు నన్ను ఆనించుకుని రోడ్డు అంచు దాకా నడక నేర్చుకుంటున్నాడు. నా పట్టు చూసి సంబరపడుతున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. చలికాలానికి ఇంకా మూడు నెలలే ఉన్నాయి.