అమ్మోరి పటం కింద బ్రష్షు

నేను ఒక బ్రష్షుని. వెంట్రుకలు పందివి, పిడి మామిడిచెక్కది. నన్ను కట్టినవాడి పేరు నాకు తెలియదు. కష్టపడ్డవాడి పేరు ఎవరడుగుతారు గనక! మొదట ఒక పెళ్లివారింటి తలుపులకు రంగులేశాను. పెళ్లయ్యాక నన్ను కిరసనాయిల్లో ముంచి మరిచిపోయారు. చివరికి ఓబులేసు చేతిలో పడి యురేనియం గనిలోకి దిగాను.

అక్కడ రాతిలోంచి రాడాన్ అనే వాయువు వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తరబడి తినేస్తుంది. తవ్వి వదిలేసిన సొరంగాలకు అడ్డంగా గోడ కట్టి, పైన రబ్బరులా సాగే మందు పూస్తే అది లోపలే ఆగుతుంది. పెద్ద గోడలకు మిషనుతో చిమ్ముతారు. మూలలకు, పగుళ్లకు ఓబులేసూ నేనూ. మెప్పు మాత్రం మిషనుకే.

దసరా వెళ్లిన కొద్దిరోజులకు అన్నం తినే గదిలో రాడాన్ కొలిచే మీటరుకు ఎర్రలైటు వెలిగింది. ఆ గది వెనకగోడకు అవతల పాత సొరంగం. ఆఫీసరు ఫ్యాన్లు పెంచాడు. లైటు ఆరలేదు. అందరూ క్యారియర్లు తీసుకుని బయటికి నడిచారు. ఓబులేసు బావ కుళాయప్ప మాత్రం ఆ గోడకే వీపు ఆనించి సంగటి ముద్ద పిసుకుతున్నాడు.

"కంటికి కనపడనిదానికి బయపడితే బతుకుతామా?" అన్నాడు.

ఓబులేసు నన్ను మందులో ముంచి గోడంతా పూస్తూ పోయాడు. తడిపూతలో బుడగ లేస్తే అక్కడ గాలి తన్నుతున్నట్టు. ఎక్కడా లేవలేదు. ఇక మిగిలింది ఆయుధపూజనాడు తగిలించిన అమ్మోరి పటం. దాని అంచుకు నన్ను ఆనించాడు. బుడగ లేచింది. పగిలింది. మళ్లీ లేచింది.

"బావా, ఈ మేకు కొట్టిందెవురు?"

"నేనే. అమ్మోరిని నేలన పెట్టమంటావా?"

"గోడకు బెజ్జం పడిండాది. ఆ గాలంతా నీ మెడమీదికే వస్తాండాది. జరుగు, పీకుతా."

కుళాయప్ప లేచి పటానికి అడ్డం నిలబడ్డాడు. "మనల్ని కాపాడేది ఆయమ్మ. పందెంటికల బ్రష్షు ఆయమ్మకు తాకిస్తావా? సిగ్గుల్యా?"

ఓబులేసు నన్ను కిందికి దించాడు. "రేపు నీకేమన్నా అయితే మా అక్కకు నేనేం జెప్పాల? అది జెప్పు, పీకను."

కుళాయప్ప పటంవైపు తిరిగాడు. తర్వాత తనే పటం దించి గుండెకు హత్తుకున్నాడు. "పీకు."

మేకు ఊడింది. ఓబులేసు నన్ను ఆ బెజ్జంలోకి కుక్కి కుక్కి మందు నింపాడు. పటం వెనక కూడా ఇంత మందు మెత్తి, గోడకు అదిమి అతికించాడు. సాయంత్రానికి లైటు ఆరింది.

"చూస్తివా? ఆయమ్మ మళ్లా గోడెక్కినాకనే ఆరింది," అన్నాడు కుళాయప్ప.

ఆ సంబరంలో నన్నెవరూ కడగలేదు. మందు బిగిసి నా వెంట్రుకలు ఒకే ముద్దయ్యాయి. పటం కింది గట్టుమీదే ఉండిపోయాను.

ఇవాళ మళ్లీ ఆయుధపూజ. ఓబులేసు సెలవులో ఉన్నాడు. కుళాయప్ప గునపాలకు, డ్రిల్లులకు కుంకుమ పెట్టి, నాక్కూడా ఒక బొట్టు పెట్టాడు. నాకు! ఇప్పుడు మామిడాకుల తోరణం భుజానేసుకుని, మేకు పళ్లమధ్య కరుచుకుని, పటం పక్కన గోడమీద కొట్టే చోటు వెతుకుతున్నాడు.

ఒక్కసారి ఇటు చూడు కుళాయప్పా. కిందికి చూడు.