సారెలో పెట్టిన సన్నాయి

మా బావ జగన్నాధం సన్నాయి ఊదుతాడు, నేను డోలు కొడతాను. బొబ్బిలి చుట్టుపక్కల పెళ్లిళ్లే మాకు కూడు పెడతాయి. ఇద్దరం కలిసి చేసిన మేళం సీడీ ఒకటుంది. అట్ట మీద మా ఫొటో, దాని కింద ఫోన్ నంబరు. సీడీ కొన్నవాళ్లు ఇంట్లో పెళ్లి కుదరగానే ఆ నంబరుకు ఫోన్ చేసేవారు. మాకు కావలసిందీ అదే.

మొన్న ఆయన కూతురు అనితను గజపతినగరం దగ్గర ఊరికిచ్చి పెళ్లి చేశాం. సారె సర్దుతూ బావ అరిసెల పక్కన మా సీడీ పెట్టాడు. కొత్త అల్లుడు వెంకీ దాన్ని చూసి జాలిపడ్డాడు.

“సీడీ ఎందులో ఏస్తాం మావా? ఇప్పుడు కార్లో కూడా దానికి కన్నం నేదు. పెన్‌డ్రైవులో ఎక్కించియ్యి.”

అల్లుడు నోరు తెరిచి అడిగాడు కదా, బావ పొంగిపోయాడు. మేళమంతా పెన్‌డ్రైవులోకి ఎక్కించి లడ్డూల మీద పెట్టాడు. “ఒద్దు బావా” అన్నాను. నా మాట ఎవరు విన్నారు గనక!

మా వైపు సారె దాచుకునేది కాదు, ఇంటింటికీ పంచేది. వియ్యపురాలు పద్మకుమారి ఇలాంటి విషయాల్లో మహా నిక్కచ్చి మనిషి. ప్రతి ఇంటికీ అరిసెలు, లడ్డూ, వాటితోపాటు వాళ్ల ఫోన్లలోకి మా మేళం. ఒక ఇల్లు తప్పితే మాటొస్తుందని ఊళ్లో లేనివాళ్లకు వాట్సాప్‌లో పంపించింది.

“ఒక్క గడప కూడా ఒగ్గీనేదు అన్నయ్యా” అని ఫోన్ చేసి మరీ చెప్పింది. బావ సంతోషమన్నాడు. అరిసెలు అయిపోయాయి. మేళం అయిపోలేదు.

ఆ తర్వాత వచ్చిన పెళ్లి ముహూర్తాలకు అటువైపు నుంచి మమ్మల్ని పిలిచినవాడు లేడు. శుభలేఖ మాత్రం వచ్చింది, పద్మకుమారి మేనకోడలు గౌరి పెళ్లికి. మేళంగా కాదు, చుట్టాలుగా. వెళ్లాం. బావ ఉండబట్టలేక, “నేనున్నాను కదమ్మా, ఊదుతాను” అన్నాడు.

“వియ్యంకుడివి, నువ్వు ఊదడమేటి అన్నయ్యా! నలుగురూ ఏటనుకుంటారు? సుబ్బరంగా కూకో.”

పురోహితుడు చెయ్యెత్తాడు. వెంకీ ఫోన్ నొక్కాడు. స్పీకరులో మా గట్టిమేళం మోగింది, తాళి కట్టేశారు. మమ్మల్ని మెచ్చుకోనివాడు లేడు. నాకు ఒళ్లు మండిపోయింది గానీ ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

పెళ్లి భోజనాల్లో మేళం వాళ్లది ఎప్పుడూ ఆఖరి బంతి. ఆ రోజు మమ్మల్ని రెక్క పట్టుకుని తీసుకెళ్లి మొదటి బంతిలో కూర్చోబెట్టారు. ఆకులో అన్నం పొగలు కక్కుతోంది. పందిట్లో ఇంకా బావ సన్నాయి మోగుతూనే ఉంది. ఆయన ఒక ముద్ద తిన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏటి బావా, కారమా?”

“కాదురా సూరయ్యా. పెళ్లిలో పప్పు యేడిగా ఉంటాదని ఇన్నాళ్లూ నాకు తెల్దురా.”

ఆ తర్వాత ఆయన తినలేకపోయాడు. నేనూ తినలేదు.